కూడలి దగ్గర తొమ్మిది సెకన్లు

మెర్ల్ హొవోర్కా రోజూ పొద్దున్నే ఏడింటికల్లా పాత కోళ్ళ హేచరీ మేడ మీదున్న ఆఫీసు తలుపు తీస్తాడు. హీటరు వేస్తాడు, కాఫీ పెట్టుకుంటాడు, గసగసాలు కూరిన కొలాచీ రొట్టె ఒకటి నోట్లో పెట్టుకుని కంప్యూటరు ముందు కూలబడతాడు. ముప్పై ఏళ్ళు హైవే పోలీసుగా రోడ్ల మీద టైరు చారలు టేపు పెట్టి కొలిచిన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో కాళ్ళకి అడ్డం పడుతున్నావని పెళ్ళాం విసుక్కుంటుంటే కంప్యూటరు నేర్చుకుని, జరిగిన ప్రమాదాలని తెర మీద మళ్ళీ జరిపించి కోర్టులకి వీడియోలు చేసిపెట్టడం మొదలెట్టాడు. నెబ్రాస్కాలో మా మూలనున్న నాలుగు కౌంటీలకీ ఆ పని తెలిసినవాడు అతనొక్కడే.

మెర్ల్‌కి ఒకటే పట్టుదల. కొలవనిది తెర మీదికి రాకూడదు. రోడ్డు వెడల్పు అంగుళాలతో సహా సరిపోవాలి. బండికి సొట్ట ఎంత లోతు పడిందో అంతే పడాలి. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం బూడిద రంగు బొమ్మలే. వాటికి ముక్కూ మొహం ఉండవు, బట్టలుండవు, ఆడో మగో కూడా తెలీదు. "మొహం పెడితే జూరీ మొహం చూసి జాలిపడుతుంది. జాలిని ఏ టేపుతో కొలుస్తాం?" అంటాడు.

చిక్కంతా ఆ బొమ్మలతోనే. బండి నడుస్తున్నంతసేపూ బుద్ధిగా ఉంటాయి. బండి ఆగి ఉన్నప్పుడు మూడు నాలుగు సెకన్లు ఊరికే వదిలేశామా, ఎవరి బొమ్మ వాళ్ళ అలవాటులో పడిపోతుంది. మంగలి బొమ్మ అద్దం తనవైపు తిప్పుకుని లేని కనుబొమలు దువ్వుకుంది. గడ్డి మోపులు తోలే క్లారెన్స్ బొమ్మ కిటికీ దింపి జడ్జిగారి ఎదుటే బయటికి ఉమ్మింది. ఒక టీచరమ్మ బొమ్మ వెనక సీటు వైపు తిరిగి వేలు చూపించి ఎవరినో కసిరింది. ఇందులో మాకెవరికీ వింతేం లేదు, ఉన్నదల్లా విసుగే. కోర్టు గుమాస్తా కిటికీ పక్కన కాగితం కూడా అంటించి ఉంటుంది: 'ప్రమాదాల వీడియోలలో బొమ్మలు సొంతంగా చేసే పనులను ముందుగానే కత్తిరించి తీసుకురావలెను.' అందుకని మెర్ల్ బండి కదిలిన క్షణంతో మొదలుపెట్టి, గుద్దుకుని ఆగిన క్షణంతో ముగించేస్తాడు. ఆరు సెకన్లో ఏడు సెకన్లో ఉంటుంది. వకీళ్ళకీ అదే హాయి, జూరీకీ కునుకు పట్టదు.

ట్విలా జబ్కా కేసుకీ అలాగే ఆరు సెకన్ల వీడియో చేసి సర్కారు వకీలు చేతిలో పెట్టాడు.

ట్విలా మా కౌంటీలో పాల ట్యాంకరు నడుపుతుంది. ఇరవై ఆరేళ్ళుగా డెయిరీ డెయిరీకీ తిరిగి పాలు ఎత్తుతోంది. వయసు యాభై ఏడు. మొగుడు ఎప్పుడో వదిలేసి వెళ్ళాడు గాని ట్యాంకరు మాత్రం వదల్లేదని ఆమే నవ్వుతూ చెప్పుకుంటుంది. ఆగస్టులో ఒక పొద్దున్న నాలుగు వైపులా ఎర్ర స్టాపు బోర్డులున్న మట్టిరోడ్ల కూడలి దగ్గర ట్యాంకరు ఆపింది. కుడిచేతి రోడ్డు మీద లెనర్డ్ పాస్పిషిల్ పాత పికప్పు అప్పటికే వచ్చి ఆగి ఉంది. ఇద్దరూ తొమ్మిది సెకన్లు ఆగారు. ఆ లెక్క ట్యాంకరు ఇంజను దగ్గరున్న పెట్టె రాసిపెట్టింది. తర్వాత ఇద్దరూ ఒకేసారి కదిలారు. గంటకి పన్నెండు మైళ్ళ వేగం కూడా లేదు. కానీ నిండు ట్యాంకరు తోస్తే ఆ డొక్కు పికప్పు ఎంతసేపు నిలబడుతుంది? వెళ్ళి పక్క కాలవలో బోర్లా పడింది. లెనర్డ్‌కి డెబ్బై తొమ్మిదేళ్ళు. ఆస్పత్రిలో మూడు రోజులుండి పోయాడు.

ముందు ఆగినవాడు ముందు వెళ్ళాలి, అదీ చట్టం. కొంచెం అవతల ధాన్యం గోదాము మీదున్న కెమెరాలో బళ్ళ లోపలి మనుషులు కనపడరు గాని, లెనర్డే ముందు వచ్చినట్టుంది. దారివ్వకుండా దూరి మనిషిని చంపిందని సర్కారు వకీలు లిండ్నర్ ట్విలా మీద కేసు పెట్టాడు. రుజువైతే ఏడాది దాకా జైలు, లైసెన్సు గల్లంతు. ఆ వయసులో లైసెన్సు లేని ట్యాంకరు డ్రైవరు ఏం చేసుకుని బతుకుతుంది?

"ఆయన చెయ్యి ఊపి నన్ను వెళ్ళమన్నాడు," అని ట్విలా మొదటి రోజే షెరీఫు మనిషికి చెప్పింది. కళ్ళారా చూసినవాళ్ళు ఎవరూ లేరు.

మావాళ్ళ సంగతి తెలిస్తే ఆ మాట అబద్ధమనిపించదు. మర్యాద మా కౌంటీకి పట్టిన జబ్బు. చర్చి విందులో పళ్ళెంలో ఆఖరి ముక్క మిగిలిందంటే ఒకరు సగం కోసుకుంటారు, ఇంకొకరొచ్చి ఆ సగంలో సగం, మరొకరొచ్చి అందులో సగం. చివరికి చీమకి చాలినంత మిగిలి చెత్తబుట్టలో పడుతుంది గాని ఎవరూ నోట్లో వేసుకోరు. వెళ్ళొస్తామని లేచినవాళ్ళు గుమ్మంలో ముప్పావుగంట నిలబడతారు. ఇక స్టాపు బోర్డుల దగ్గరైతే చెప్పనే అక్కర్లేదు, ముందు మీరంటే ముందు మీరని చేతులూపుకుంటూ ఉన్న పెట్రోలంతా అక్కడే తగలేస్తారు. అందులో లెనర్డ్ మహా ఘనుడు. టోపీ అంచు రెండు వేళ్ళతో పట్టి కాస్త పైకెత్తి, అదే చేత్తో దయచేయండన్నట్టు ఊపేవాడు. ఆయన ఎదురుపడితే పిల్లులు కూడా ముందు రోడ్డు దాటాల్సిందే.

ఆ లెనర్డ్ పెళ్ళాం అడలీన్ మాత్రం ఆ మాట నమ్మలేదు. "మా ఆయన ఆగాడు. ఆగినవాణ్ణి అది తోసుకొచ్చి చంపింది," అని ఊళ్ళో పదిమందితో అంది. లెనర్డ్ పోయిన రోజు ట్విలా నూడిల్సూ కోడిమాంసమూ వేసి వండిన పెద్ద గిన్నె తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మంలో పెట్టి వచ్చింది. మాలో ఎవరి గిన్నె వాళ్ళకి తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వరు, కనీసం నాలుగు బిస్కెట్లయినా వేసి పంపుతారు. అడలీన్ ఆ గిన్నె తోమి, తళతళలాడేలా తుడిచి, ఖాళీగా పంపించింది. అంతకంటే పెద్ద తిట్టు మా కౌంటీలో లేదు.

ట్విలా తరఫున కోర్టు పెట్టిన వకీలు డెనీస్ వాహా జనవరిలో ఒక మంచి కబురు పట్టుకొచ్చింది.

"ట్విలా, లిండ్నర్ బేరానికి దిగాడు. దారివ్వలేదని నువ్వు ఒప్పుకుంటే జైలుండదు. లైసెన్సు రెండేళ్ళు ఆపుతారు, అంతే. కళ్ళు మూసుకుని ఒప్పేసుకో."

"ఒప్పుకోను."

"మరీ చోద్యంగా ఉంది నీ వ్యవహారం! ఎందుకని?"

"తప్పు నాదైతే ఒప్పుకుంటా, జైలుకీ పోతా. నాదో కాదో నాకే తెలీకుండా ఎలా ఒప్పుకోను?"

"ఆయన చెయ్యి ఊపాడన్నావుగా?"

ట్విలా కాసేపు తన చేతులకేసి చూసుకుంది. "ఊపాడు. నేనూ ఊపాను. ఆయన మళ్ళీ ఊపాడు. నేనూ మళ్ళీ... ఆఖర్న ఊపింది ఎవరో నాకు గుర్తు లేదు డెనీస్. కేసు తేలేదాకా నడుపుకోమన్నారు గనక రోజూ ఆ కూడలి మీంచే పోతున్నా, రోజూ అదే ఆలోచన. మీరెళ్ళండని నేనే చెప్పి, నేనే వెళ్ళానేమో! అదే నిజమైతే ఆయన్ని నేనే పిలిచి చంపినట్టు."

"ఈ మాట ఇంకెక్కడా అనకు తల్లీ," అంది డెనీస్ తలుపు వైపు చూసి.

"అనను. కానీ నాకు తెలియాలి."

తెలుసుకోవడానికి ఉన్న దారి ఒకటే. మర్నాడు పొద్దున్నే డెనీస్‌ని వెంటేసుకుని హేచరీ మేడ ఎక్కింది. సర్కారు సాక్ష్యాన్ని చూసే హక్కు మాకూ ఉందని డెనీస్ కాగితం చూపిస్తే, మెర్ల్ కుర్చీలు జరిపి వీడియో పెట్టాడు. బూడిద బొమ్మ నడిపే ట్యాంకరు కదిలింది, బూడిద బొమ్మ నడిపే పికప్పు కదిలింది, ట్యాంకరు తోసింది, పికప్పు కాలవలో పడింది. ఆరు సెకన్లు.

"ముందరి తొమ్మిది సెకన్లు ఏవి?" అంది ట్విలా.

"అందులో ఏముంది? బళ్ళు ఆగి ఉన్నాయి."

"ఏముందా? ఆ మనిషి చావూ నా బతుకూ రెండూ అందులోనే ఉన్నాయి. పెట్టు."

మెర్ల్ డెనీస్ వైపు చూశాడు, కాఫీ కప్పు వైపు చూశాడు, ఏ దిక్కూ కనపడక తొమ్మిది సెకన్లూ ముందుకి చేర్చి ఆడించాడు. మొదట రెండు బొమ్మలూ స్టీరింగు పట్టుకుని ఊరికే కూర్చున్నాయి. నాలుగో సెకనులో పికప్పు బొమ్మ చెయ్యి పైకి లేచింది. లేని టోపీ అంచుని రెండు వేళ్ళతో పట్టి ఎత్తి, అదే చెయ్యి దయచేయండన్నట్టు ఊపింది. ట్విలా తెర మీదికి వంగింది. ట్యాంకరు బొమ్మ అరచెయ్యి తెరిచి, అబ్బే మీరే ముందన్నట్టు ఊపింది. పికప్పు బొమ్మ మళ్ళీ టోపీ ఎత్తింది. తొమ్మిది సెకన్లయ్యాయి, పది, ఇరవై, నిమిషమైంది. బళ్ళు కదలవు, చేతులు ఆగవు.

"ఇంతే. ఇవి వెళ్ళవు," అన్నాడు మెర్ల్. "మొన్న ఇలాగే వదిలేసి భోజనానికి పోయొచ్చా. అప్పటికీ ఊపుకుంటూనే ఉన్నాయి."

"అంటే నువ్వు ముందే చూశావన్నమాట! చూసి కూడా కత్తిరించావా?"

మెర్ల్ నీళ్ళు నమిలాడు. "కోర్టులో కాగితం అంటించారు కదా ట్విలా. పైగా నా పద్ధతి నీకు తెలుసు, కొలవనిది నేను..."

"తొమ్మిది సెకన్లు కొలిచినవే కదయ్యా! ఆ పెట్టె కొలిచింది, నువ్వే కాగితం మీద రాశావు. కొలిచినదాన్ని ఎలా పారేశావు?"

ముప్పై ఏళ్ళ సర్వీసులో మెర్ల్‌ని అంత మాట అన్నవాళ్ళు లేరు. మొహం కందగడ్డలా అయిపోయింది. కుర్చీ తెర వైపు తిప్పుకున్నాడు. తర్వాత, "తొమ్మిది సెకన్లు ఊపించి, అక్కడ కత్తిరించి, మిగిలిన ఆరు సెకన్లూ అతికిస్తా. రెండు వైపులా న్యాయం జరుగుతుంది," అన్నాడు. డెనీస్‌కి ప్రాణం లేచొచ్చింది.

లిండ్నర్ తక్కువవాడా? జడ్జి బొహాటీ గారి ముందు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "జడ్జిగారూ, బొమ్మ చేసేది అలవాటు పని. ఆ రోజు జరిగిందని రుజువేంటి? పైగా అతుకు పెడితే అది సాక్ష్యం కాదు, సినిమా. పెడితే అతుకు లేకుండా మొత్తం పెట్టాలి, లేదా అసలు పెట్టకూడదు."

మొత్తం పెడితే అది ఎప్పటికీ ప్రమాదం దాకా రాదని అతనికి తెలుసు. మెర్ల్ దాచుకునే మనిషి కాదు, అందరికీ చెప్పేశాడు.

జడ్జిగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మనిషికి గట్టి అలవాటు ఉంటే, ఆ రోజూ అలాగే చేసి ఉంటాడనడానికి దాన్ని చూపించొచ్చు. అది చట్టంలోనే ఉంది. గుమాస్తా గోడ మీది కాగితం నేను పెట్టించిందే, ఈ కేసుకి నేనే పక్కన పెడతాను. కానీ అతుకు కుదరదు. లిండ్నర్ గారి మాట సబబే."

డెనీస్ మొహం వాడిపోయింది. ఇక లాభం లేదు, వెనక్కి తీసుకుందామని ట్విలా చెవిలో ఏదో చెప్పబోయింది. ట్విలా లేచి నిలబడింది.

"అతుకు వద్దు జడ్జిగారూ. ఉన్నదున్నట్టు ఆడించండి."

"అది ప్రమాదం దాకా రాదట కదమ్మా?"

"వచ్చేదాకా కూర్చుంటాను. నాకు తెలియాల్సింది అక్కడే ఉంది."

బయటికొచ్చాక వరండాలో డెనీస్ తల పట్టుకుంది. "తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని నీలాంటి వాళ్ళని చూసే అన్నారు. ఒకవేళ నిజంగానే కదిలి, ఆఖర్న ఊపింది నువ్వేనని తేలితే? జూరీ ముందు నీ మెడకి నువ్వే ఉరి తగిలించుకున్నట్టు కాదూ?"

"తేలితే తేలనీ. ఆర్నెల్లుగా నా మెడకి ఉన్నది తక్కువ ఉరా?"

విచారణ ఫిబ్రవరిలో మొదలైంది. బయట మోకాలి లోతు మంచు. చిన్న కోర్టు గనక జూరీలో ఆరుగురే, అందరూ మా కౌంటీ వాళ్ళే. పందుల ఫారం ఆయన ఒకడు, స్కూలు వంటావిడ ఒకావిడ, మిగతావాళ్ళు రైతులు. అడలీన్ నల్ల కోటు వేసుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, లిండ్నర్ వెనక మొదటి బల్ల మీద కూర్చుంది. ట్విలా వైపు ఒక్కసారీ తల తిప్పలేదు.

మొదటి రోజు లిండ్నర్ తన ఆరు సెకన్లూ ఆడించాడు. ఒకసారి మామూలుగా, ఒకసారి నెమ్మదిగా, ఒకసారి పైనుంచి. మూడుసార్లూ ట్యాంకరే తోసింది. పికప్పు బోర్లాపడే చోట అడలీన్ కళ్ళు గట్టిగా మూసుకుంది. జూరీ ఆరుగురూ తెర మీంచి కళ్ళు తిప్పి ట్విలాని చూశారు. ఆ చూపులకి ఆమెకి జైలు గోడలు కనపడ్డాయి. అయినా తల దించుకోలేదు.

రెండో రోజు పొద్దున్న పదింటికి మెర్ల్ బోనులో నిలబడి ప్రమాణం చేసి, అతుకులేని వీడియో పెట్టాడు. కూడలి వచ్చింది. రెండు బళ్ళూ ఆగి ఉన్నాయి. నాలుగో సెకనులో లెనర్డ్ బొమ్మ లేని టోపీ ఎత్తి చెయ్యి ఊపింది. జూరీలో పందుల ఫారం ఆయన తనకి తెలీకుండానే చెయ్యి లేపి తెరకేసి తిరిగి ఊపాడు. ఆ పక్కన వంటావిడ కూడా. క్షణంలో ఆరు చేతులూ లేచి, సిగ్గుపడి దిగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు.

తొమ్మిది సెకన్లు దాటాయి. నిమిషం దాటింది. పావుగంట దాటింది. ముందు మీరు, కాదు మీరు, అబ్బే మీరు. గోడవారన ఆవిరి హీటరు టకటకలాడుతోంది. గడియారం పదకొండు చూపించింది.

లిండ్నర్ లేచాడు. "జడ్జిగారూ, దీన్ని ప్రమాదం వీడియో అని ఎలా అంటాం? ఇందులో ప్రమాదమే లేదు!"

డెనీస్ వెంటనే అందుకుంది. "మేమనేదీ అదే జడ్జిగారూ. వీళ్ళిద్దరిలో ఎవరికీ ముందు వెళ్ళాలని లేదు."

"లేకపోతే ట్యాంకరు ఎందుకు కదిలింది? పెట్టె రాసిపెట్టింది కదా, పదో సెకనులో కదిలింది! ఎవరికోసం కదిలింది, ఎవరు కదలమన్నారు?"

డెనీస్ కాగితాలు తిరగేసింది. 

జడ్జిగారు నిట్టూర్చారు. "ఇంకో పది నిమిషాలు చూస్తాను. అప్పటికీ ఇది ప్రమాదం దాకా రాకపోతే కొట్టేస్తాను. ఆరు సెకన్ల వీడియో ఒక్కటే జూరీకి మిగులుతుంది."

ట్విలా కుర్చీ అంచుకి జరిగి కూర్చుంది. అయిదు నిమిషాలైంది. బొమ్మలు ఊపుకుంటున్నాయి. ఎనిమిదైంది. 'వెళ్ళవే, నువ్వయినా వెళ్ళవే' అని తన బొమ్మని తనే లోపల్లోపల తిట్టుకుంటోంది. అదీ ఆమె లాంటిదే మరి, వింటుందా?

అప్పటిదాకా అడలీన్ కళ్ళు తెరవలేదు. నిన్న చూసింది చాలనుకుంది. కానీ పికప్పు పడినప్పుడు జనం ఉస్సురనే చప్పుడు ఎంతసేపటికీ వినపడక, ఏం జరుగుతోందోనని నెమ్మదిగా రెప్పలు ఎత్తింది. ఎదురుగా మొహం లేని బూడిద బొమ్మ ఒకటి రెండు వేళ్ళతో గాలిని పట్టి ఎత్తుతోంది. ఆమె చేతిసంచి కింద పడిపోయింది.

"లెనర్డ్," అంది.

లేచి నిలబడి తెర దగ్గరికి నడిచింది. కోర్టు జవాను అడ్డం రాబోతే జడ్జిగారు చేత్తోనే ఆపారు. ఆమె ఎవరితోనూ కాకుండా, అందరికీ వినపడేలా అంది: "యాభై మూడేళ్ళు ఈ మనిషి వెనక నిలబడి చలికి వణికాను. ఏ గుమ్మం దగ్గరికెళ్ళినా తలుపు పట్టుకుని ఊరందర్నీ ముందు పంపేవాడు. మా పెళ్ళి రోజు చర్చి తలుపు దగ్గర పాదిరీగారితో ముందు మీరంటే మీరని వాదులాడుతుంటే, నేను తెల్లగౌను వేసుకుని వానలో తడిశాను. చూడండి, చచ్చినా బుద్ధి రాలేదు."

బొమ్మ మళ్ళీ టోపీ ఎత్తింది. పక్కరోడ్డు మీది బొమ్మ మళ్ళీ అరచెయ్యి ఊపింది. అడలీన్ ఆ రెండో బొమ్మని మొదటిసారి చూసింది. చాలాసేపు చూసింది. అది తోసుకొచ్చేలా ఏమీ లేదు. సాయంత్రం దాకానైనా అక్కడే కూర్చునేలా ఉంది.

జడ్జిగారు గడియారం చూశారు. అడలీన్ కన్నీళ్ళు తుడుచుకుని తెరకి దగ్గరగా జరిగింది. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర మాట్లాడినంత మామూలుగా, "ఇక చాల్లే లెనర్డ్. ఎవరో ఒకరు వెళ్ళాలిగా. వెళ్ళు," అంది.

లెనర్డ్ బొమ్మ చెయ్యి దించింది. అదే క్షణాన ట్విలా బొమ్మా చెయ్యి దించింది. ఆ మాట ఇద్దరికీ వినపడింది, ఇద్దరూ తమతోనే అన్నారనుకున్నారు. ఇద్దరూ సరేనని తలాడించారు. ఇద్దరూ అటువైపు రోడ్డు మీద ఇంకెవరూ రావడం లేదు కదాని తల తిప్పి చూసుకున్నారు. ఇద్దరూ కదిలారు. చప్పుడు లేకుండా ట్యాంకరు తోసింది, చప్పుడు లేకుండా పికప్పు కాలవలో పడింది. ఈసారి అడలీన్ కళ్ళు మూసుకోలేదు.

ట్విలా రెండు చేతుల్తో నోరు నొక్కుకుంది. ఆఖర్న ఊపినవాళ్ళు ఎవరూ లేరు. రెండు చేతులూ ఒక్కసారే దిగాయి. ఆర్నెల్లుగా వెతుకుతున్నదానికి జవాబు అంతే. ఆమెకి ఏడుపు ఆగలేదు.

అడలీన్ లిండ్నర్ వైపు తిరిగింది. "ఇద్దరూ వెళ్ళారు కదా నాయనా. దీన్నొక్కదాన్నే ఎందుకు పట్టుకున్నావు?"

"ఆ మాట రికార్డులోంచి తీసెయ్యాలి జడ్జిగారూ!" అన్నాడు లిండ్నర్.

"తీసేస్తున్నాను. జూరీ ఆ మాట విననట్టే భావించాలి," అన్నారు జడ్జిగారు. విననట్టు ఎవరు భావిస్తారు? పందుల ఫారం ఆయన అప్పటికే చేతిరుమాలు తీశాడు.

జూరీ గదిలో నలభై నిమిషాలున్నారు. అందులో ముప్పై అయిదు నిమిషాలు తమకి పెద్ద ఎవరో తేల్చుకోవడానికే పట్టిందట, మీరుండండంటే మీరుండండని. తీర్పుకి అయిదు నిమిషాలు చాలాయి. నేరం లేదన్నారు. లిండ్నర్ కాగితాలు సర్దుకుని, పోతూ పోతూ ట్విలాకి తల ఊపి మరీ వెళ్ళాడు. ఎంతైనా అతనూ మా కౌంటీ వాడే.

జనం వెళ్ళిపోయాక కూడా అడలీన్ ఆ బల్ల మీదే కూర్చుని ఉంది. మెర్ల్ తెర చుట్టి సంచిలో పెట్టుకుంటున్నాడు. ట్విలా కింద పడ్డ చేతిసంచి తీసి దుమ్ము దులిపి ఆమె ఒళ్ళో పెట్టింది. ఎదురుగా నిలబడింది.

"నన్ను క్షమించండి అడలీన్ గారూ. నేరం లేదన్నా, ట్యాంకరు నాదేగా."

అడలీన్ ఆమె మొహంలోకి చూసింది. "ఊరందరి ముందు నిన్ను అనరాని మాటలన్నాను. అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. కూర్చో."

ట్విలా పక్కన కూర్చుంది. ఇద్దరూ తెర తీసేసిన ఖాళీ గోడ వైపు చూశారు.

"ఆస్పత్రిలో మూడు రోజులు చెయ్యి పట్టుకుని కూర్చున్నాను," అంది అడలీన్. "వెళ్ళకు లెనర్డ్, వెళ్ళకు అని మొత్తుకున్నాను. వినలేదు. ఇవాళ వెళ్ళమంటే విన్నాడు."

అప్పటిదాకా బిగబట్టినదంతా ఒక్కసారి తెగి, ముసలావిడ ట్విలా భుజం మీద పడి బావురుమంది. మెర్ల్ సంచి అక్కడే వదిలేసి మెల్లగా బయటికి నడిచాడు. ఏడుపు తగ్గేసరికి మంచు మళ్ళీ మొదలైంది. అడలీన్ కోటు జేబులోంచి కారు తాళాలు తీసి, కిటికీలోంచి ఆ మంచు వైపు చూసింది. తాళాలు ట్విలా చేతిలో పెట్టింది. ఇంటిదాకా ట్విలాయే నడిపింది.